సున్నా రాదన్నారు

ఒక్క ముక్క చాలన్నాడు హరినాథ్ సారు. ఒకే ఒక్క ముక్క, 'ఆ ఫంక్షన్ మళ్ళీ చూశాను, సరిగ్గానే పనిచేస్తోంది' అని, పదకొండు లోపల మెయిలు పంపెయ్యి, మిగతాదంతా నేను చూసుకుంటానమ్మా అన్నాడు, ఆ మిగతాదంతాలో సంగప్ప విరిగిన చెయ్యి కూడా ఉందని రవళికి తెలుసు, ఆయనకూ తెలుసు, తెలిసే అంత మెత్తగా అన్నాడు, అంతకంటే గట్టిగా తిట్టి ఉంటే ఎంత హాయిగా ఉండేదో, తిరిగి తిట్టుకోవడానికైనా ఒక మనిషి దొరికేవాడు. సంగారెడ్డి బస్టాండులో పటాన్‌చెరు బస్సు కదలకుండా వణుకుతోంది. రవళి కిటికీ పక్కన కూర్చుంది, ఒళ్ళో సంచి, సంచిలో టిఫిను డబ్బా, దాని కింద నిన్న ఆఫీసు నుంచి తెచ్చుకున్న టెస్టు బోర్డు, చేతిలో ఫోను, ఫోనులో ఆ ముక్క. సారే టైపు చేసి పంపాడు, ఆమెకు ఆ శ్రమ కూడా లేకుండా. వేలు పెట్టి నొక్కడమే తరువాయి. పదికి ఐదు నిమిషాలు తక్కువ. పదకొండుకు మీటింగు, కంపెనీ యజమాని భీమశంకరం గారు, దాణా ఫ్యాక్టరీ వాళ్ళు, ఇన్సూరెన్సు మనిషి కూర్చుంటారు, పన్నెండు రోజుల కింద ఆ ఫ్యాక్టరీలో పైపు పగిలి సంగప్ప చెయ్యి ఎందుకు విరిగిందో తేలుస్తారు. ఆ మిషనుకు ప్రోగ్రాం రాసింది రవళి, పైన ఉండి రాయించింది హరినాథ్ సారు. ప్రోగ్రాం బాగుందని రాసిన మనిషే రాసిస్తే తప్పు సంగప్పది, అయిపోయింది, చాయ్ బిస్కెట్లు తిని లేస్తారు.

"ఆధార్ చూపెట్టుండ్రి, జీరో టికెట్ తీస్కోండ్రి. తీస్కోకుంట కూసుంటే నా నౌకరి మీదికొస్తది," అంటూ కండక్టరమ్మ మనుషుల మధ్య నుంచి ఒరుసుకుంటూ వచ్చింది, రవళి ఫోనులో ఆధార్ బొమ్మ చూపించింది, కండక్టరమ్మ చేతిలోని మిషను కిర్రుమని చీటీ కక్కింది. సంగారెడ్డి నుంచి పటాన్‌చెరు, ఒకరు, సున్నా. ఆడవాళ్ళకు బస్సు ఉచితమైనప్పటి నుంచి పోను ఒకటి, రాను ఒకటి, ఆ సున్నాలు సంచి అడుగున పోగుపడి నలిగి ఉండలైపోతున్నాయి, ఎన్నడూ వాటి మొహం చూసింది లేదు. ఇవాళ చూపు దాని మీదే ఆగిపోయింది. బస్సులో సగానికి పైగా ఆడవాళ్ళే, ఫార్మా కంపెనీలో ప్యాకింగుకు పోయే పిల్లలు, రుద్రారం కాలేజీకి పోయేవాళ్ళు, పటాన్‌చెరు మార్కెట్టుకు పోయేవాళ్ళు, అందరి చేతుల్లోనూ సున్నాలే, సున్నా ఎక్కడ్నుంచి వస్తుందమ్మా అని సారు అడిగిన దానికి ఒక బస్సు నిండా జవాబు కూర్చుని ఉంది. ఆ జవాబు ఆ రోజే చెప్పి ఉండాల్సింది.

సంగతి చిన్నది, ఎంత చిన్నదంటే చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. దాణా మిషనుకు ఎనిమిది గేట్లు, పెద్ద గొట్టంలో పొడి గాలి తోపుతో వచ్చి ఏ గేటు తెరిచి ఉంటే ఆ తొట్టిలో పడుతుంది. ఒక్క గేటే తెరిచి ఉండాలి, రెండు తెరిస్తే బర్రెల దాణా వెళ్ళి కోళ్ళ దాణాలో కలుస్తుంది. గేటు తెరిచి ఉంటే ఒక దీపం వెలిగినట్టు, మూసి ఉంటే ఆరినట్టు, ఆ ఎనిమిది దీపాల వరుస కంప్యూటరుకు ఒక అంకె, మొదటి దీపం విలువ ఒకటి, రెండోది రెండు, మూడోది నాలుగు, ఆ తర్వాత ఎనిమిది, పదహారు, అట్లా రెట్టింపవుతూ నూట ఇరవై ఎనిమిది దాకా. రెండోదీ మూడోదీ కలిసి వెలిగితే ఆరు. కాబట్టి ఒక్క గేటే తెరిచి ఉందా అని అడగడమంటే, ఈ అంకె ఒకటిని రెట్టింపు చేసుకుంటూ పోతే దొరికేదేనా అని అడగడమే. దానికో కిటుకుంది. చేరిన కొత్తలో హరినాథ్ సారు గోడ మీది బోర్డు మీద దీపాలు గీసి చూపించాడు, అంకెలోంచి ఒకటి తీసెయ్యి, ఎనిమిదిలోంచి ఒకటి తీస్తే ఏడు, వెలిగే ఒక్క దీపమూ ఆరి దాని కిందివన్నీ వెలుగుతాయి, ఇప్పుడు పాత వరుసనూ కొత్త వరుసనూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూడు, రెండిట్లోనూ వెలిగే దీపం ఒక్కటీ లేదు కదా, లేకపోతే ఒక్క గేటే, అంతే, ఒక్క లైను, ఫంక్షన్ అంటే ఇట్లా ఒక ప్రశ్నకు జవాబు చెప్పే ముక్క. రవళికి ఒళ్ళు జలదరించింది. ఇంత పెద్ద ప్రశ్నకు ఇంత చిన్న జవాబా అని ఆ సాయంత్రం ఇంటికి పోయి అమ్మకు చెప్పబోయింది, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక అన్నం తిని ఊరుకుంది. ఆ చెప్పిన మనిషి మీద ఇప్పుడు కోపం తెచ్చుకుందామన్నా పూర్తిగా రాదు, అదొక పీడ.

బస్సు కదిలింది, పోతిరెడ్డిపల్లి చౌరస్తా దగ్గర మళ్ళీ ఆగింది, మరో ఇరవై మంది ఎక్కారు. మరి ఒక్క దీపమూ వెలగకపోతే? అన్ని గేట్లూ మూసి ఉంటే వచ్చే అంకె సున్నా. సున్నాలోంచి ఒకటి తీస్తే? ఆ లెక్కలో మైనస్ అనేదే లేదు, సున్నాకు కింద మెట్టు లేదు, ఒకటి తీసేసరికి మొత్తం గిర్రున తిరిగి అన్ని దీపాలూ ఒక్కసారే వెలుగుతాయి, రెండు వందల యాభై ఐదు. దాన్ని తీసుకెళ్ళి సున్నా మీద పెడితే, రెండిట్లోనూ వెలిగే దీపం లేదు మళ్ళీ. అంటే ఆ అందాల కిటుకు సున్నాను చూసి కూడా తల ఊపుతుంది, ఒక్క గేటే తెరిచి ఉంది, గాలి మోటారు తిప్పు అంటుంది. ఒక్క గేటూ తెరిచి లేనప్పుడు, పొడికి పోయే దారి లేనప్పుడు, తిప్పు అంటుంది. రవళి ఇది ఎవరూ చెప్పకుండానే కనిపెట్టింది, కాగితం మీద చేత్తో వేసి చూసుకుని, ముందొక ముక్క చేర్చింది, అంకె సున్నా కాకూడదు, ఆ తర్వాతే కిటుకు. అయిదు నిమిషాల పని. దానికి మెచ్చుకుంటారనే అనుకుంది, అనుకోవద్దా మరి?

ఆ శుక్రవారం అందరూ కూర్చుని రాసిందంతా తెర మీద చూస్తుంటే సారు ఆ లైను దగ్గర ఆగాడు. "ఇదేంటి రవళీ? సున్నా ఎక్కడ్నుంచి వస్తుందమ్మా? మిషను తిప్పాలనుకున్నవాడు ఏదో ఒక గేటు తెరుస్తాడుగా. రాని దొంగకి కాపలా ఎందుకు, తీసెయ్యి." పక్కనున్న ఇద్దరు నవ్వారు. రవళి కూడా నవ్వింది, అదే ఇప్పటికీ మింగుడుపడదు, నవ్వాల్సిన అవసరం ఏమొచ్చింది ఆమెకు, ఎవరు నవ్వమన్నారు? నవ్వుతూనే ఆ ముక్క చెరిపేసింది, తన వేలితోనే, తన పేరు మీదనే. కంప్యూటరు అన్నీ గుర్తు పెట్టుకుంటుంది, ఎవరు చేర్చారు, ఎవరు తీశారు, ఏ తేదీన అని, తీయమన్న గొంతును మాత్రం గుర్తు పెట్టుకోదు. ఆ నిమిషాన ఆమె నాలుక చివర ఒక మాట ఉంది. మా అమ్మమ్మ మొగులమ్మ అయితే ముందు ఖాళీ మానిక చూపించేది సార్ అని. ఏసీ గదిలో, ఇంగ్లీషు తెర ముందు, టౌన్‌షిప్పులో పుట్టి పెరిగిన మనిషితో, వడ్లు కొలిచిన ముసలమ్మను తెచ్చి సాక్ష్యం పెట్టడమా? సిగ్గేసింది. ఆ సిగ్గే కదా పైపును పగలగొట్టింది.

కంది దాటుతుంటే రోడ్డు పక్క కొత్త ప్లాట్ల సరిహద్దు రాళ్ళు వరుసగా నడుస్తున్నాయి, ఒకప్పుడు అక్కడే మొగులమ్మ కల్లాల్లో కొలిచేది, కూలి కింద ఇచ్చే వడ్లైనా జొన్నలైనా ఆమె కొలిస్తేనే ఇచ్చేవాళ్ళూ పుచ్చుకునేవాళ్ళూ నోరెత్తేవాళ్ళు కాదు. సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. చిన్నప్పుడు పాటలాగా వినిపించేది, బీటెక్ రెండో ఏడులో లెక్చరరు ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు అని రాస్తుంటే వెనక బెంచీలో కూర్చున్న రవళికి అమ్మమ్మ ఇంట్లో గోడ వారన బోర్లించిన కొలపాత్రలు కనబడి ఫక్కున నవ్వొచ్చింది, లెక్చరరు బయటికి పంపాడు. మొగులమ్మ కొలత మొదలుపెట్టే ముందు మానికను తలకిందులు చేసి అరచేత్తో రెండు దెబ్బలు కొట్టేది, లోపల ఏమీ లేదని అందరికీ తిప్పి చూపించేది, ఆ తర్వాతే నింపి పోసేది, మొదటి మానికను ఒకటి అనకుండా లాభం అనేది, లాభం, రెండు, మూడు, అట్లా. "ఖాళీదే గద అవ్వా, ఎందుకు కొడ్తవ్?" అని అడిగితే, "ఖాళీదని నీకెట్ల తెల్సు? సూసినవా? ఖాళీ సూపెట్టినంకనే లాభం బిడ్డా, అంతకుముందు లాభం లేదు," అనేది. ఏ కొలతకైనా ముందు ఖాళీ మానికే. ప్రతి ఒకటికీ ముందు ఒక సున్నా నిలబడి ఉంటుందని ఆ వేలిముద్ర మనిషికి తెలుసు. సున్నా ఎక్కడ్నుంచి వస్తుందమ్మా అట. అన్నిటికంటే ముందు వచ్చేదే అది, అది వచ్చాకే మిగతావి వస్తాయి, ఈ మాట ఆ శుక్రవారం అనడానికి ఏమైంది నోటికి?

కంది దగ్గర ఎక్కిన ఒక ముసలమ్మ సీతాఫలాల గంపను రవళి కాళ్ళ దగ్గరికి తోసి, తాను గంప పక్కనే కింద చతికిలబడింది. పండిన వాసన. ఆసుపత్రికి రవళి తీసుకెళ్ళింది కూడా సీతాఫలాలే, సంగప్ప ఎడమ చేత్తో ఒకటి విప్పబోయి గింజలు దుప్పటి మీద పోసుకున్నాడు, కుడి చెయ్యి లోపల రెండు ఇనుప కడ్డీలతో పైకి కట్టేసి ఉంది. నారాయణఖేడ్ దిక్కు మనిషి, మిల్లుల్లో ధాన్యం కొలిచి కొలిచి చివరికి ఈ దాణా ఫ్యాక్టరీలో గేట్ల దగ్గర కుదురుకున్నాడు. కొత్త బోర్డు బిగించిన మరుసటి పొద్దున, మొట్టమొదటి పొద్దున. అంతకుముందు గాలి మోటారును ఆయనే స్విచ్చు వేసి తిప్పేవాడు, కొత్త బోర్డు వచ్చాక ఒక్క గేటు తెరవడమే ఆలస్యం, మోటారు దానంతట అదే తిరుగుతుంది. ఆయనకు రోజూ ఉన్న అలవాటే, ఎనిమిది గేట్లూ మూసి, రెండు అగరవత్తులు ముట్టించి, గొట్టానికి దండం పెట్టుకుని, ఆ తర్వాత లాభం అనుకుంటూ మొదటి గేటు తెరవడం. ఆ పొద్దున దండం పెట్టుకుంటూ ఉండగానే మోటారు తిరిగింది. అన్ని గేట్లూ మూసి ఉండగానే బోర్డుకు కరెంటు అందింది, వచ్చిన అంకె సున్నా, సున్నాను చూసి రవళి రాసిన లైను తల ఊపింది. పొడికి దారి లేక గొట్టం జాయింటు ఊడి వచ్చి మోచేతి పైన తగిలింది. "నేను చేసిన తప్పేంది బిడ్డా? అన్ని మూసిన, మొక్కుకున్న. తెరువకముందే తిరిగింది," అన్నాడు. ఆయన గొంతులో నిష్ఠూరం లేదు, నిజంగా తెలుసుకుందామని అడిగాడు. అది భరించడం ఇంకా కష్టం.

జవాబు తెలిసిన మనిషి ఆ ఆసుపత్రిలో ఒక్కతే, ఆ మంచం పక్క స్టూలు మీద కూర్చుని ఉంది, కూర్చుని సీతాఫలం గింజలు ఏరింది. ఆయన భార్య సోమమ్మ మాత్రం ఊరుకోలేదు, వరండా దాకా వచ్చింది. "మీ మిషను మంచిదేనంట గద, కాంట్రాక్టరు చెప్పిండు. మా ఆయన తాగొచ్చి గేటు తెరుసుడు మర్చిండని రాస్తరంట. పొద్దుగాల అగరవత్తి ముట్టిచ్చే మనిషి తాగుతడా అమ్మా? నువ్వు చదువుకున్నదానివి, నువ్వే చెప్పు." రవళి, మా సార్లు చూస్తున్నరు అత్తా అని గొణిగి మెట్లు దిగింది. మీ సార్లు ఏం చూస్తున్నరో అనలేదు సోమమ్మ, అంటే బాగుండేది. తాగాడని రాస్తారట. తప్పు మోపడానికి ఒక చెయ్యి విరిగితే సరిపోలేదు, మనిషి మర్యాద కూడా విరగాలి, అప్పుడే కాగితం శుభ్రంగా ఉంటుంది.

రుద్రారం. కాలేజీ పిల్లలు గోలగోలగా దిగిపోయారు, గాలి ఆడింది. సరే, పంపేస్తే ఏమవుతుంది, ఒకసారి అది కూడా ఆలోచిద్దాం, ఆలోచిస్తే పాపమేం అంటదు. పంపేస్తే ఈ నెల ఆఖరుకు ఉద్యోగం పర్మనెంటు అవుతుంది, సారు మాటిచ్చాడు, ఇచ్చిన మాట తప్పే మనిషి కాదు. పాత జైలు వెనక గల్లీలోని ఇరుకు ఇల్లు వదిలి గాలి వచ్చే ఇల్లు చూసుకోవచ్చు, అమ్మ మోకాళ్ళ నొప్పితో రెండంతస్తులు ఎక్కే పని తప్పుతుంది. పంపకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. దాణా ఫ్యాక్టరీ వాళ్ళు బోర్డులన్నీ వెనక్కి పంపిస్తారు, కంపెనీ పేరు చెడుతుంది, తీసేసిన లైను మీద రవళి పేరుంది గనక ముందు పోయేది రవళి, ఆ తర్వాత పటాన్‌చెరు నుంచి తెల్లాపూర్ దాకా ఏ కంపెనీకి పోయినా ఫలానా పిల్ల కదా అంటారు. సారు కూడా పాపం ఏం చేస్తాడు, యజమాని కాకపోయినా ఈ కంపెనీని తన చేతుల మీద నిలబెట్టాడు, నిన్న సాయంత్రం ఫోనులో బతిమాలినట్టే అన్నాడు. "చూడమ్మా, ఫంక్షన్‌లో తప్పు లేదు, ఒకటి నుంచి నూట ఇరవై ఎనిమిది దాకా ఏ గేటైనా పెట్టి చూడు, కరెక్టుగా చెబుతుంది. నేను నిన్ను అబద్ధం రాయమనడం లేదు." నిజమే, ఏ గేటు పెట్టినా కరెక్టే. గేటు పెట్టకపోతే ఏం చెబుతుందో అది రాయొద్దంటున్నాడు, అంతే. అబద్ధం ఆడకుండానే మనిషిని పడగొట్టే విద్య ఇది, ఈ విద్య కూడా ఆయన దగ్గరే నేర్చుకోవాలా?

నిన్న ఇంట్లో వంట అయ్యాక టెస్టు బోర్డును పవర్ బ్యాంకుకు తగిలించి చూసుకుంది. మిషనులో పెట్టిన ప్రోగ్రామే అందులో ఉంది, ఎనిమిది గేట్లకు బదులు ఎనిమిది చిన్న స్విచ్చులు, మోటారుకు బదులు ఒక పచ్చ దీపం. ఒక స్విచ్చు పైకి అంటే పచ్చ దీపం వెలిగింది, రెండు వేస్తే ఆరింది, అన్నీ దించేస్తే వెలిగింది. అమ్మ చూస్తూ, "మంచిగనే వెలుగుతున్నది గద," అంది. అవునమ్మా, మంచిగనే వెలుగుతోంది, అదే వచ్చిన తంటా.

ఇస్నాపూర్ చౌరస్తాలో బస్సును పక్కకు ఆపారు. చెకింగు. ముందు గుమ్మం నుంచి ఒకరు, వెనక నుంచి ఒకరు ఎక్కారు, అందరూ సంచులు, కొంగుముళ్ళు వెతుక్కున్నారు. లారీల హారన్లు, పాశమైలారం వైపు తిరిగే ఆటోల వాళ్ళ కేకలు, పది నలభై అయింది. రవళి తన సున్నాను చూపించింది, చెకింగాయన చూసి వెనక్కి ఇచ్చాడు. కింద గంప పక్కన కూర్చున్న ముసలమ్మ దగ్గర చీటీ లేదు. కండక్టరమ్మ మొహం తెల్లబోయింది, రద్దీలో ఈమె దాకా రాలేకపోయింది మరి.

"ఉత్తదే గద సారూ, పైసలియ్యనిదానికి చీటీ ఎందుకు?" అంది ముసలమ్మ.

"ఉత్తదైనా సున్నా కొట్టిన చీటీ ఉండాలె అవ్వా. రేపు బస్సుకేమన్నయితే ఎవరెవరున్నరో ఎట్ల తెలుస్తది? చీటీ లేకుంటే నువ్వు బస్సుల లేనట్టే."

"లేనట్టెట్లయితది?" ముసలమ్మ గంప మీద చెయ్యేసి అక్కడే ఇంకా గట్టిగా కూర్చుంది. "గీడ కూసున్న. కండ్లు కనవడ్తలేవా నీకు? నువ్వు రాయకుంటే నేను లేకుంట పోతనా?"

బస్సంతా నవ్వింది, చెకింగాయన కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు, కండక్టరమ్మ గబగబా ఒక సున్నా కొట్టి ముసలమ్మ చేతిలో పెట్టింది. రవళి నవ్వలేదు. ఈసారి నవ్వలేదు. నువ్వు రాయకుంటే నేను లేకుంట పోతనా. సంగప్ప ఎనిమిది గేట్లు మూసి మొక్కుకుంటూ ఆ మిషను ముందు నిలబడి ఉన్నాడు, ఉన్నాడని ఆ లైనుకు తెలియదు, తెలియాల్సిన ముక్కను రవళి వేలే చెరిపింది, ఇప్పుడు అదే వేలితో ఇంకోసారి చెరపమంటున్నారు. మొదటిసారి తెలియక అని తనకు తాను చెప్పుకోలేదు, తెలుసు, కాగితం మీద వేసి చూసింది. భయపడి అనీ చెప్పుకోలేదు, ఆ రోజు ఎవరూ బెదిరించలేదు. సిగ్గుపడి. అమ్మమ్మ మాట నోట్లోకి వచ్చినందుకు సిగ్గుపడి. ఆ సిగ్గు ఇంక చాలు. బస్సు ముత్తంగి వైపు ఊగుతూ పోతుంటే ఫోనులో సారు పెట్టిన ముక్కను అక్షరం అక్షరం వెనక్కి కొట్టింది, అది తుడుచుకుపోయేదాకా వేలు తీయలేదు. పెట్టె ఖాళీ అయింది. ఒక్క క్షణం ఆ ఖాళీని చూసి, అప్పుడు రాయడం మొదలుపెట్టింది.

'ఈ ఫంక్షన్ అన్ని గేట్లూ మూసి ఉన్నా ఒక్క గేటు తెరిచి ఉన్నట్టే లెక్క వేస్తుంది. సున్నాను ఆపే లైను నేను మొదట రాశాను, సమీక్షలో తీయమన్నారు, తీసింది నేనే. సంగప్ప గారు గేట్లు మూయడం తప్పు కాదు. మోటారు తిరగడం తప్పు.' తప్పులున్నాయేమో చూసుకోలేదు. సారుకు ఒక్కడికే కాదు, భీమశంకరం గారికి, దాణా ఫ్యాక్టరీ వాళ్ళకు, మీటింగు పిలుపులో ఉన్న ప్రతి పేరుకూ పెట్టింది. నొక్కింది. పోయింది. ముసలమ్మ కింద నుంచి చూసి, "ఏమైందే బిడ్డా, చెమట్లు పడ్తున్నయి," అని గంపలోంచి ఒక పండు తీసి ఇచ్చింది, రవళి పుచ్చుకుంది, వద్దని అనబుద్ధి కాలేదు.

నాలుగు నిమిషాలకు ఫోను మోగింది.

"ఏం చేశావు రవళీ?" హరినాథ్ సారు అరవలేదు, ఆయన ఎప్పుడూ అరవడు. "ఏం చేశావో నీకు అర్థమవుతోందా?"

"అయితున్నది సార్."

ఆఫీసులో మూడేళ్ళుగా ఆయన ముందు పట్టి పట్టి మాట్లాడే తెలుగు ఏమైందో, దాన్ని వెతకాలని కూడా ఆమెకు తోచలేదు.

"నీ కెరీరు గురించి ఆలోచించావా అసలు?"

"సంగారెడ్డి కాడి నుంచి గదే ఆలోచించిన సార్. మీరు చెప్పిన కిటుకు మంచిదే, గిప్పటికీ నాకిష్టమే. సున్నా ముందుగాల చూసినంక చెయ్యాలె దాన్ని. గా మాట గప్పుడే చెప్పకుంట తప్పు చేసిన."

అటువైపు ఎవరో కుర్చీలు జరుపుతున్న చప్పుడు. తర్వాత ఆయన అలసిపోయిన గొంతుతో అన్నాడు, "నువ్వు ఇవాళ మీటింగుకి రానక్కర్లేదమ్మా. ఇంటికి వెళ్ళిపో."

"సున్నా రాదన్నరు సార్, వచ్చింది," అంది రవళి. "నేను గూడ వస్తున్న."

పటాన్‌చెరులో దిగి ఆఫీసుకు ఆటో ఎక్కింది. గేటు దగ్గర సెక్యూరిటీ తమ్ముడు నమస్తే పెట్టాడు, అతనికింకా ఎవరూ ఏమీ చెప్పినట్టు లేదు. మెట్లెక్కుతూ సీతాఫలాన్ని సంచిలో వేసి టెస్టు బోర్డును బయటికి తీసింది. మీటింగు గది తలుపు మూసి ఉంది, ఒకసారి తట్టింది, రమ్మనకముందే తెరిచింది. ఆరుగురు మనుషులు, ఆరు చాయ్ కప్పులు, ఏసీ చల్లదనం. హరినాథ్ సారు తల ఎత్తలేదు, ఆయన ముందు ఆమె మెయిలు ప్రింటు తీసిన కాగితం ఉంది. దాణా ఫ్యాక్టరీ మేనేజరు ఆమెను కింది నుంచి పైదాకా చూశాడు. రవళి బోర్డును బల్ల మధ్యలో పెట్టింది. ఎనిమిది స్విచ్చులనూ ఒక్కొక్కటిగా కిందికి దించింది, తొందరపడలేదు, ప్రతిదీ దిగిందని అందరికీ కనబడేలా చెయ్యి పక్కకు తీసింది. ఆఖరి స్విచ్చు దిగాక బోర్డును పవర్ బ్యాంకుకు తగిలించింది. పచ్చ దీపం వెలిగింది.

భీమశంకరం గారు కళ్ళద్దాలు తీసి, మళ్ళీ పెట్టుకుని, ముందుకు వంగి చూశారు. "ఇప్పుడు ఎన్ని గేట్లు తెరిచి ఉన్నాయమ్మా?"

"ఒక్కటి గూడ లేదు సార్," అంది రవళి.